దాల్చినచెక్క వేసిన వైట్ హాట్ చాక్లెట్: అమ్మడికి పెద్దమ్మ ఉత్తరం

అమ్మడూ,

నీ మెసేజ్ చదివాను. దాల్చినచెక్క వేసి వైట్ హాట్ చాక్లెట్ చేస్తే పైన నూనె తేలిందనీ, అడుగున పొడి గరగరలాడుతూ మిగిలిందనీ, రెండు గుటకలకే వెగటు పుట్టిందనీ రాశావు. పాలు, చాక్లెట్ ముక్కలు, దాల్చినచెక్క పొడి, రెండు చెంచాల చక్కెర అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి స్టవ్ మీద పెట్టానన్నావు చూడు, చిక్కంతా అక్కడే వచ్చింది. దాల్చినచెక్కకి వేడి కావాలి, ఆ తరవాత తీరుబడిగా నానడానికి సమయం కావాలి. తెల్ల చాక్లెట్‌కి ఈ రెండూ పడవు. ముందు చెక్క పని పూర్తిగా కానివ్వాలి. స్టవ్ కట్టేశాకే చాక్లెట్ జోలికి వెళ్లాలి. ఈ వరస పాటిస్తే నువ్వు రాసిన వాటిలో సగం ఇబ్బందులు వాటంతటవే పోతాయి. మిగతా సగం నువ్వు కొనే సరుకులో ఉంది, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

చాక్లెట్ కొనేటప్పుడు ముందువైపు రాసినది కాదు, అట్ట తిప్పి వెనకవైపు సన్నటి అక్షరాల్లో ఉన్నది చదువు. తెల్ల చాక్లెట్‌లో కోకో పొడి ఉండదు. కోకో గింజ నుంచి తీసిన కొవ్వు, అంటే కోకో బటర్, పాలపొడి, చక్కెర, కొద్దిగా లెసిథిన్ (కొవ్వునీ మిగతావాటినీ విడిపోకుండా కలిపి ఉంచేది), వెనిలా ఉంటాయి. వైట్ చాక్లెట్ అనే పేరుతో అమ్మాలంటే కనీసం 20 శాతం కోకో బటర్, 14 శాతం పాల ఘనపదార్థాలు ఉండాలని యూరప్‌లోనూ అమెరికాలోనూ నిబంధన ఉంది. అమెరికాలో అయితే చక్కెర 55 శాతం దాటకూడదని కూడా పెట్టారు. అంటే మంచి సరుకులో కూడా దాదాపు సగం చక్కెరే ఉంటుంది. నువ్వు దాని మీద ఇంకో రెండు చెంచాలు వేశావు. పాలలో సహజంగా ఉండే తీపి ఎలాగూ ఉంది. వెగటు పుట్టక ఏమవుతుంది చెప్పు? ఈసారి చక్కెర డబ్బా మూత కూడా తీయకు.

అట్ట మీద కోకో బటర్ బదులు పామాయిల్ అనో, వెజిటబుల్ ఫ్యాట్ అనో ఉంటే అది కాంపౌండ్. కేకుల మీద పూతకి అది బాగానే పనికొస్తుంది కానీ తాగే చాక్లెట్‌కి నేను వాడను. కోకో బటర్ దాదాపు 34, 35 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, అంటే మన ఒంటి వేడి కంటే కాస్త తక్కువ. అందుకే నాలుకకి తగలగానే కరిగిపోయి గొంతు దిగిపోతుంది. కాంపౌండ్‌లోని కొవ్వుల్లో చాలా వాటికి కరగడానికి ఇంకాస్త వేడి కావాలి. కప్పు చల్లారే కొద్దీ అవి అంగిలికి జిడ్డుగా పట్టుకుంటాయి. రంగు కూడా చూడు. అసలైన తెల్ల చాక్లెట్ తళతళలాడే తెలుపులో ఉండదు, లేత పసుపు కలిసిన మీగడ రంగులో ఉంటుంది. బిస్కెట్లలో వేసే చిప్స్ కూడా వద్దు. ఓవెన్‌లో ఆకారం చెడకుండా నిలబడేలా తయారుచేసినవి కాబట్టి పాలలో కరగడానికి మొండికేస్తాయి. బార్ కొనుక్కుని కత్తితో సన్నగా తరుక్కో.

ఇక దాల్చినచెక్క. ఈ పానీయంలో దానిదే ముఖ్యమైన పని. డార్క్ చాక్లెట్‌కి తనదైన చేదు, వగరు ఉంటాయి కాబట్టి మసాలా లేకపోయినా నిలబడుతుంది. తెల్ల చాక్లెట్‌లో ఆ రెండూ లేవు, ఉన్నదల్లా తీపీ, పాల రుచీ, కొవ్వూ. ఆ తీపికి ఎదురు నిలిచే ఘాటు దాల్చినచెక్క నుంచే రావాలి. అందుకే పైన చిటికెడు పొడి చల్లి వదిలేస్తే చాలదు.

దుకాణాల్లో దొరికే చెక్క ముఖ్యంగా రెండు రకాలు. శ్రీలంక నుంచి వచ్చేది సిలోన్ దాల్చినచెక్క. పలుచటి పొరలు ఒకదాని లోపల ఒకటి చుట్టుకుని ఉంటాయి, వేళ్లతో నలిపితే పొడిపొడిగా విరుగుతుంది. వాసన మెత్తగా, కాస్త పూల వాసన కలిసినట్టు ఉంటుంది. రెండోది కాసియా. చైనా, ఇండోనేషియా, వియత్నాం ప్రాంతాల నుంచి వస్తుంది. ఒకే మందపాటి బెరడు, గట్టిగా, ముదురు ఎరుపులో ఉంటుంది, విరవాలంటే బలం పెట్టాలి. ఘాటు దీనిలోనే ఎక్కువ. నీ డబ్బాలో ఏముందో చెక్క తీసి చివర చూస్తే తెలిసిపోతుంది. పొరలు పొరలుగా కనిపిస్తే సిలోన్, ఒకే మందమైన చుట్ట అయితే కాసియా.

ఏది మంచిదని అడుగుతావు, నాకు తెలుసు. ఎప్పుడో ఒకసారి తాగడానికి కాసియానే బాగుంటుందని నా అభిప్రాయం, ఎందుకంటే అంత తీపిని కోయగల ఘాటు దానికుంది. కానీ వరసగా రోజూ తాగాలనుకుంటే, ముఖ్యంగా పిల్లలకి ఇవ్వాలనుకుంటే, సిలోన్‌కి మారు. కాసియాలో కౌమరిన్ అనే పదార్థం ఉంటుంది. అది ఎక్కువైతే కొందరికి కాలేయానికి చెరుపు చేస్తుంది. ఒంటి బరువులో కిలోకి రోజుకి 0.1 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవాలని యూరప్ ఆహార భద్రతా సంస్థ హద్దు పెట్టింది. పెద్దవాళ్లు అప్పుడప్పుడూ తాగే ఒక కప్పుకి టెన్షన్ పడాల్సిన పని లేదు. చిన్నపిల్లల బరువు తక్కువ కాబట్టి వాళ్ల హద్దు కూడా చిన్నదే. సిలోన్ చెక్కలో కౌమరిన్ నామమాత్రంగానే ఉంటుంది.

పొడి ఎందుకు వద్దంటున్నానంటే, అది బెరడు పొడి. ఎంత మరిగించినా కరగదు. మొదట పైన తేలి ఉండలు కడుతుంది, తరవాత తడిసి అడుగుకి దిగుతుంది. పైగా దానిలో ఉండే జిగురు వేడి పాలలో ఉబ్బి చివరి గుటకలు జారుడుగా అవుతాయి. నువ్వు గరగర అని రాసింది దీన్నే. చెక్కని పాలలో నానబెట్టి తీసేస్తే వాసనంతా పాలకి వస్తుంది, బెరడు మాత్రం జాలిలో ఉండిపోతుంది. దాల్చినచెక్కకి ఆ వాసన ఇచ్చే సిన్నమాల్డిహైడ్ అనే నూనె పదార్థం కొవ్వులో బాగా కలుస్తుంది. కాబట్టి వెన్న తీసిన పాలు కాకుండా వెన్న తీయని చిక్కటి పాలు తీసుకో. ఇంట్లో పొడి తప్ప చెక్క లేకపోతే, పావు చెంచా కంటే తక్కువ పొడిని అర చెంచా వెన్నలో సన్నటి సెగ మీద అర నిమిషం వేయించి, దాని మీద పాలు పోసి, చివర పలుచటి గుడ్డలో వడకట్టు. చెక్కతో వచ్చినంత బాగా రాదు, అయినా అవసరానికి సరిపోతుంది.

కొలత రాసుకో. రెండు పెద్ద కప్పులకి 500 మిల్లీలీటర్ల పాలు, 90 గ్రాముల తెల్ల చాక్లెట్, 7 లేదా 8 సెంటీమీటర్ల దాల్చినచెక్క ఒకటి, మంచి చిటికెడు ఉప్పు, అర చెంచా వెనిలా ఎసెన్స్. మొదటిసారి ఇలాగే చెయ్యి. తరవాత నీ నాలుకకి తగ్గట్టు చాక్లెట్ 70 గ్రాముల దాకా తగ్గించుకోవచ్చు. 100 దాటితే మాత్రం కప్పు పూర్తి చేయలేవు.

చెక్కని మూడు నాలుగు ముక్కలుగా విరువు, పొడి చేయకు. అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకుని, ముందు చన్నీళ్లతో తొలిచి, ఆ తడి మీదే పాలు పోస్తే అడుగంటడం తగ్గుతుంది. చెక్క ముక్కలు చల్లటి పాలలోనే వేసి, మధ్యస్థం కంటే తక్కువ సెగ మీద పెట్టు. దగ్గరే ఉండి అప్పుడప్పుడూ గరిటెతో అడుగు కలుపుతూ ఉండు. కాసేపటికి గిన్నె అంచు చుట్టూ సన్నటి బుడగలు వరసగా కడతాయి, మధ్యలో పాలు ఇంకా నిశ్చలంగానే ఉంటాయి, ఆవిరి లేస్తూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే కట్టేయాలి. పొంగు దాకా వెళ్లనివ్వకు. పాలు తెర్లితే కాగిన పాల వాసన పైకొచ్చి చెక్క వాసనని మింగేస్తుంది.

స్టవ్ కట్టేశాక మూత పెట్టు. మూత లేకపోతే నువ్వు రాబట్టిన వాసనంతా వంటిల్లు పాలవుతుంది, పాలలో మిగలదు. కాసియా అయితే 10 నిమిషాలు, సిలోన్ అయితే 15 నుంచి 20 నిమిషాలు ఉంచు. మధ్యలో ఒకసారి చెంచాతో రుచి చూడు. మొదట్లో వాసన ముక్కుకి తెలుస్తుంది కానీ నాలుకకి పాలే తగులుతాయి. ఇంకాసేపటికి నాలుక చివర కొద్దిగా చురుక్కుమంటుంది, పాలలో చక్కెర వేయకపోయినా తీపిగా అనిపిస్తుంది. అది చాలు. చాక్లెట్ కలిశాక ఘాటు తగ్గుతుంది కాబట్టి, ఒట్టి పాలలో రుచి చూసినప్పుడు నీకు కావలసిన దానికంటే కాస్త ఎక్కువగా ఉండాలి. అలాగని కాసియాని గంటల తరబడి వదిలేస్తే బెరడులోని వగరు దిగి గొంతు పట్టేస్తుంది. సమయం అయ్యాక చెక్క తీసేయాల్సిందే.

పాలు నానుతున్నంతసేపూ నీకు చాక్లెట్ తరుక్కునే తీరిక ఉంటుంది. పలక, కత్తి, చేతులు తడి లేకుండా తుడుచుకో. ఒకటి రెండు నీటి బొట్లు పడినా కరుగుతున్న చాక్లెట్ గట్టిపడి ముద్దకడుతుంది, ఎందుకంటే ఆ కాస్త తడికి దానిలోని చక్కెర, పాలపొడి రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. తడి ఎక్కువైతే ఈ గొడవ లేదు, అప్పుడు చక్కెర హాయిగా కరిగిపోతుంది. అందుకే వేడి పాలు ధారాళంగా పోస్తే ఏమీ కాదు, తడి చెంచా పెడితే మాత్రం పాడవుతుంది. ముక్కలు గోరంత కంటే చిన్నగా ఉండాలి. చాక్లెట్‌ని ఎప్పుడూ విడిగా స్టవ్ మీద కరిగించకు. దానిలో పాలపొడి, చక్కెర ఎక్కువ కాబట్టి డార్క్ చాక్లెట్ కంటే తొందరగా మాడుతుంది. ఎప్పుడైనా వేరే పనికి విడిగా కరిగించాల్సి వస్తే 45 డిగ్రీలు దాటించకపోవడం మంచిది. ఆ పైన గరుకు తేలుతుంది.

ఇప్పుడు పాలని టీ వడకట్టే జాలితో వడకట్టు. పైన కట్టిన తెర కూడా దానిలోనే ఉండిపోతుంది. వడకట్టిన పాలని మళ్లీ స్టవ్ మీద పెట్టి ఆవిరి లేచేదాకా మాత్రం వేడిచేసి కట్టేయి. తరిగిన చాక్లెట్ వేరే పొడి గిన్నెలో వేసి, ఆ పాలలోంచి 100 మిల్లీలీటర్లు మాత్రమే ముక్కలు మునిగేలా పోయి. వెంటనే కలపకు. ఒక నిమిషం ఆగు. తరవాత చెంచాని మధ్యలో పెట్టి చిన్న చిన్న చుట్లు తిప్పు. మొదట పలుచటి పాలలో పసుపు చారలు, అక్కడక్కడా కొవ్వు చుక్కలు కనిపిస్తాయి. చెడిపోయిందని కంగారు పడకు, తిప్పుతూనే ఉండు. మధ్యలోంచి చిక్కబడుతూ, ఆ చారలు ఒక్కొక్కటే కలిసిపోయి, చివరికి నున్నగా మెరిసే ముద్ద తయారవుతుంది. చెంచా ఎత్తితే తెగకుండా పట్టీలా జారాలి. నీకు పైన నూనె తేలింది ఈ మెట్టు లేకపోవడం వల్లే. పాల నీటితో కొవ్వుని కలపాలంటే ముందు కొద్ది పాలలో గట్టిగా కలిపితేనే అది సన్నటి బిందువులుగా విడిపోయి నిలుస్తుంది. అరలీటరు పాలలో ఒకేసారి కరిగిస్తే పెద్ద చుక్కలుగానే ఉండి పైకి వస్తుంది.

ఆ ముద్దలో మిగతా పాలు మూడు విడతలుగా పోస్తూ విస్క్‌తో కలుపు. విస్క్ లేకపోతే చిన్న కవ్వం చాలు, రెండు అరచేతుల మధ్య తిప్పితే నురుగు కూడా వస్తుంది. ఉప్పు, వెనిలా ఈ చివరలోనే వెయ్యి. వెనిలా వాసన వేడికి ఎగిరిపోతుంది కాబట్టి ముందే వేయడం దండగ. ఉప్పు మాత్రం మానకు. ఉప్పగా అనిపించేంత వేయక్కర్లేదు, కానీ అది లేకపోతే తీపి ఒక్కటే నాలుక మీద కూర్చుంటుంది. వేసి, కలిపి, ఒక చెంచా తాగి చూడు, తేడా నీకే తెలుస్తుంది.

60 డిగ్రీల చుట్టుపక్కల తాగడానికి బాగుంటుంది, చేత్తో కప్పు పట్టుకోగలిగేంత వేడి అన్నమాట. అంతకంటే వేడిగా ఉంటే నాలుక చురుక్కుమని రుచి తెలియదు. పిల్లలకి ఇంకా చల్లార్చి ఇవ్వు. తెల్ల చాక్లెట్‌లో కోకో పొడి లేదు కాబట్టి కెఫీన్ దాదాపు ఉండదు. రాత్రిపూట తాగినా నిద్ర పాడవదు, అదొక సుగుణం.

ఇంకా చిక్కగా కావాలంటే చాక్లెట్ పెంచకు, తీపి పెరుగుతుంది. ఒక చెంచా మొక్కజొన్న పిండిని చల్లటి పాలలో ఉండల్లేకుండా కలిపి, వడకట్టిన పాలని రెండోసారి వేడిచేసేటప్పుడు పోసి, ఒక్క పొంగు రానిచ్చి కలుపు. ఆ పిండి ఉడకాలంటే మరిగే వేడి కావాలి. చాక్లెట్ కలిశాక అంత వేడి పెట్టలేం, అందుకే ముందే చేయాలి. పొంగు వచ్చిన పాలని రెండు మూడు నిమిషాలు ఆగనిచ్చి అప్పుడు చాక్లెట్ మీద పోయి.

తీపి ఇంకా ఎక్కువ అనిపించేవాళ్లకి నేను చేసిపెట్టే పద్ధతి ఒకటుంది. తరిగిన చాక్లెట్‌ని ట్రేలో పలుచగా పరిచి 120 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, ప్రతి 10 నిమిషాలకీ తీసి రబ్బరు గరిటెతో బాగా కలిపి మళ్లీ పెడుతూ ఉండాలి. ఒక దశలో పొడిపొడిగా, గడ్డలుగా, పారేయాలనిపించేలా ఉంటుంది. కలుపుతూ పోతే మళ్లీ జారుగా అవుతుంది. 40 నిమిషాలు దాటాక రంగు తేనె రంగుకి తిరిగి, వేయించిన పాల వాసన, కాస్త చేదు వస్తాయి. దీనికి కోకో బటర్ ఉన్న అసలు చాక్లెటే కావాలి, కాంపౌండ్ పనికిరాదు. ఈ వేయించిన చాక్లెట్‌కి కాసియా ఘాటు కలిస్తే, నా వరకు ఇంతకంటే మంచి వేడి పానీయం లేదు. శ్రమ ఉంది, నిజమే. కానీ ఒకసారి 200 గ్రాములు చేసి సీసాలో పెట్టుకుంటే రెండు వారాలు వాడుకోవచ్చు. ఓవెన్ లేకపోతే, మామూలు పద్ధతిలోనే చివర ఒక చెంచా చిక్కటి కాఫీ డికాక్షన్ వేసుకో, తీపి చాలావరకు విరుగుతుంది. రాత్రి తాగేవాళ్లు మాత్రం ఇది మానేయడం మంచిది.

వేరే మసాలాలు కలపాలనిపిస్తే ఒక్కటే ఎంచుకో. రెండు ఏలకులు చితక్కొట్టి చెక్కతో పాటు వేయొచ్చు, లేదంటే చివర కాస్త జాజికాయ తురమొచ్చు. నాలుగు రకాలు కలిపితే దాల్చినచెక్క ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. పైన తియ్యటి క్రీమ్, మార్ష్‌మెల్లోలు వేయడం నాకు ఇష్టం లేదు. ఉన్న తీపి చాలు.

మీ ఇంట్లో ఎవరికైనా పాలు పడకపోతే ఓట్ పాలు వాడొచ్చు. అవి వేడికి తమంతట తామే చిక్కబడతాయి కాబట్టి మొక్కజొన్న పిండి వేయకు. బాదం పాలు ఎక్కువ వేడికి విరిగే గుణం ఉన్నవి, సన్నటి సెగ మీదే ఉంచాలి. కానీ ఒకటి గుర్తుపెట్టుకో, తెల్ల చాక్లెట్‌లోనే పాలపొడి ఉంది. పాల అలర్జీ ఉన్నవాళ్లకి పాలు మార్చితే సరిపోదు, పాలపొడి లేని చాక్లెట్ వెతకాలి.

చేస్తుండగా ఏదైనా తేడా వస్తే ఇలా చూసుకో. పాలు అడుగంటిన వాసన వస్తే అడుగు గీకకుండా పైపాలు వేరే గిన్నెలోకి వంపి వాసన చూడు. మాడు తెలుస్తుంటే మొహమాటం లేకుండా పారబోసి కొత్త పాలు పెట్టు, ఆ వాసనని ఏ చెక్కా కప్పలేదు. చాక్లెట్ వేయకముందే ఇది చూసుకుంటే నష్టం పాల వరకే. పైన నూనె తేలితే స్టవ్ మీద నుంచి దించి, రెండు చెంచాల చల్లటి పాలు పోసి గట్టిగా విస్క్ చెయ్యి, చేతి బ్లెండర్ ఉంటే ఇంకా మంచిది. చాక్లెట్ ముద్దకడితే వేడి పాలు చెంచా చెంచాగా పోస్తూ నూరినట్టు కలుపు, మళ్లీ జారుగా అవుతుంది. తాగడానికే కదా, ఏమీ పోలేదు.

మిగిలితే చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టు, రెండు రోజులు ఉంటుంది. పైన కోకో బటర్ పొరలా గడ్డకడుతుంది, అది తీసి పారేయకు. సన్నటి సెగ మీద కలుపుతూ వేడిచేస్తే మళ్లీ కలిసిపోతుంది. మైక్రోవేవ్‌లో అయితే సగం పవర్ మీద కొద్దికొద్దిగా వేడిచేస్తూ మధ్యమధ్యలో కలుపు.

మిగిలిన చాక్లెట్ బార్‌ని గాలి చొరని డబ్బాలో, వెలుతురు తగలని చోట పెట్టు. డార్క్ చాక్లెట్‌ని కాపాడే కోకో గుణాలు దీనిలో లేవు కాబట్టి వెలుతురుకి తొందరగా ముక్క వాసన వస్తుంది. పక్కన ఏముంటే దాని వాసన కూడా పట్టేసుకుంటుంది, అందుకని దాల్చినచెక్కని, మిగతా మసాలాలని వేరే డబ్బాలో పెట్టుకో. ఈసారి చేసే ముందు నీ దగ్గరున్న చెక్క చివర ఫోటో తీసి పంపు, ఏ రకమో చూసి ఎన్ని నిమిషాలు నాననివ్వాలో చెబుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ